ఇంటి విద్యుత్ పరికరాల భద్రతా ధ్రువీకరణ

ఇస్త్రీపెట్టె, గీజరు, మిక్సీ, సీలింగ్ ఫ్యాను, స్విచ్చు, వైరు: ఇంట్లో కరెంటుతో పనిచేసే వస్తువు మనిషికి షాక్ కొట్టకూడదు, నిప్పు పుట్టించకూడదు. అందుకు అది ఎలా తయారు కావాలో చెప్పేది ప్రమాణం. తయారైన వస్తువు ఆ ప్రమాణానికి సరిపోయిందో లేదో పరీక్షించి, ముద్ర వేసుకోవడానికి తయారీదారుకు అనుమతి ఇవ్వడం ధ్రువీకరణ. భారతదేశంలో ఈ రెండు పనులూ భారతీయ ప్రమాణాల సంస్థవే. వ్యాపారుల నోట దాని పేరు బీఐఎస్. కొనేవాళ్లకు తెలిసిన గుర్తు మాత్రం ఐఎస్ఐ మార్కు.

ఈ మార్కును చాలామంది కంపెనీకి ఇచ్చిన యోగ్యతాపత్రం అనుకుంటారు. చట్టప్రకారం దాని అర్థం అంతకంటే చాలా ఇరుకు. ఫలానా ఫ్యాక్టరీలో, ఫలానా ప్రమాణం ప్రకారం, ఫలానా రకం వస్తువు తయారు చేయడానికి లైసెన్సు ఉందని మాత్రమే అది చెబుతుంది. అదే కంపెనీ మరో ఊళ్లో పెట్టిన ఫ్యాక్టరీకి ఆ లైసెన్సు చెల్లదు. అదే ఫ్యాక్టరీలో తయారయ్యే మరో రకం వస్తువుకూ చెల్లదు. ఇక వస్తువు గోడకున్న ప్లగ్గులోకి చేరాక ఏమవుతుందన్నది ఆ ముద్ర పరిధిలోనే లేదు.

ముద్ర పుట్టుక

విద్యుత్ వస్తువులను పరీక్షించాలన్న పట్టుదల మొదట ప్రభుత్వాలది కాదు, అగ్నిప్రమాదాలకు డబ్బు చెల్లించాల్సివచ్చే బీమా కంపెనీలది. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో వేలాది దీపాలు వెలిగించినప్పుడు అక్కడి వైరింగును తనిఖీ చేయడానికి బీమా సంస్థలు విలియం హెన్రీ మెరిల్ అనే యువ ఇంజినీరును పంపాయి. మరుసటి ఏడు, 1894లో, ఆయన షికాగోలోనే ఒక చిన్న పరీక్షాశాల పెట్టాడు. నేడు అమెరికా వస్తువుల మీద కనిపించే యూఎల్ ముద్రకు మూలం అదే. 1906లో లండన్‌లో అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ ఏర్పడింది. తొలి అధ్యక్షుడు లార్డ్ కెల్విన్. ఆ కమిషన్ రూపొందించిన 60335 శ్రేణి ప్రమాణాలే నేడు చాలా దేశాల్లో గృహోపకరణాల భద్రతకు ఆధారం. మన ఐఎస్ 302 కూడా వాటి దారిలోనే నడుస్తుంది.

భారతీయ ప్రమాణాల సంస్థకు పూర్వరూపమైన ఇండియన్ స్టాండర్డ్స్ ఇన్‌స్టిట్యూషన్ (ఐఎస్ఐ) 1947 జనవరి 6న, స్వాతంత్ర్యానికి ఏడు నెలల ముందే పుట్టింది. తొలి డైరెక్టర్ లాల్ చంద్ వర్మన్. ముద్ర వేసే అధికారం 1952 నాటి చట్టంతో వచ్చింది. 1986లో కొత్త చట్టం చేసి, 1987 ఏప్రిల్ 1 నుంచి సంస్థను బీఐఎస్‌గా మార్చారు. సంస్థ పేరు మారినా జనం నోట్లో నానిన ముద్రను మార్చే సాహసం చేయలేదు. ఇప్పుడు అమల్లో ఉన్నది 2016 చట్టం. 2017 అక్టోబరు 12 నుంచి అమలవుతోంది.

ఎప్పుడు ఐచ్ఛికం, ఎప్పుడు తప్పనిసరి

ఐఎస్ఐ మార్కు తీసుకోవడం మూలసూత్రం ప్రకారం ఐచ్ఛికమే. ఏదైనా వస్తువు విషయంలో కేంద్ర ప్రభుత్వం నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు జారీ చేస్తేనే అది తప్పనిసరి అవుతుంది. అప్పుడు ముద్ర లేకుండా ఆ వస్తువును తయారు చేయడం, దిగుమతి చేసుకోవడం, అమ్మడం, అమ్మకానికి నిల్వ చేయడం అన్నీ నేరాలే.

గృహ విద్యుత్ పరికరాలకు 1981లో నిత్యావసర వస్తువుల చట్టం కింద ఒక ఉత్తర్వు వచ్చింది. తర్వాత ఎక్కువ కాలం నడిచినది 2003 ఉత్తర్వు. వైర్లు, స్విచ్చులు, ఇస్త్రీపెట్టెలు, గీజర్లు, నీళ్లు కాచే హీటర్ రాడ్లు, విద్యుత్ పొయ్యిలు, రూమ్ హీటర్లు అందులో చేరాయి. జాబితా చూస్తే ఒక సంగతి తెలుస్తుంది: ప్రభుత్వం ముందు పట్టుకున్నది వేడి పుట్టించే వస్తువులను, వాటికి కరెంటు మోసే వైర్లను. సరైన ఎంపికే. కానీ మిగిలిన వస్తువులు చాలా ఏళ్లు ముద్ర అక్కరలేకుండానే అమ్ముడుపోయాయి. ఊరూరా ప్రతి గదిలోనూ తిరిగే సీలింగ్ ఫ్యానుకు ప్రత్యేక ఉత్తర్వు 2023లో గానీ రాలేదు.

వస్తువుకొక ఉత్తర్వు ఇస్తూ పోతే మార్కెట్లోకి రోజుకొక కొత్త వస్తువు వచ్చి చేరుతుంది కనుక, చివరికి ఉమ్మడి ఉత్తర్వు దారి పట్టారు. వేరే ఉత్తర్వు కిందికి రాని గృహ, వాణిజ్య విద్యుత్ ఉపకరణాలన్నిటినీ ఒకే గొడుగు కిందికి తెచ్చే ఉత్తర్వును 2024లో ప్రకటించి, 2025లో తిరగరాశారు. అమలు తేదీని 2025 మార్చి నుంచి 2026 మార్చికి జరిపారు. ఇలాంటి ఉత్తర్వుల్లో గడువు జరగడం వింతేమీ కాదు. చిన్న తయారీదారులకు పరీక్షా పరికరాలు కొనుక్కునే వ్యవధి కావాలి, పరీక్షాశాలలకు వచ్చిపడే నమూనాలను తట్టుకునే సామర్థ్యమూ కావాలి. ఆ రెండూ సిద్ధం కాకుండా తేదీ ప్రకటిస్తే గడువు జరపక తప్పదు.

పరీక్షాశాలలో

ఐఎస్ 302 మొదటి భాగం అన్ని ఉపకరణాలకూ ఉమ్మడి. రెండో భాగంలో ఒక్కో వస్తువుకు ఒక్కో విభాగం ఉంటుంది: ఇస్త్రీపెట్టెకు 2-3, నీళ్లు నిల్వ ఉండే గీజరుకు 2-21, రూమ్ హీటరుకు 2-30, హీటర్ రాడ్‌కు 2-201. వైర్లకు ఐఎస్ 694, ప్లగ్గులకూ సాకెట్లకూ ఐఎస్ 1293, మిక్సీలకు ఐఎస్ 4250.

ముందుగా వస్తువు ఏ తరగతిదో తేలుస్తారు. లోహపు ఒళ్లు ఉండి, మూడో పిన్ను ద్వారా ఎర్త్‌కు కలిసేది ఒకటో తరగతి. ఇస్త్రీపెట్టెలు, గీజర్లు ఇందులోకి వస్తాయి. రెండు పొరల ఇన్సులేషన్‌తో ఎర్త్ అవసరం లేకుండా చేసినది రెండో తరగతి. ఒక చదరంలో మరో చదరం ఉన్న గుర్తు దానికి ఆనవాలు. రెండు పిన్నుల ప్లగ్గుతో హెయిర్ డ్రయ్యర్ వచ్చిందంటే ఆ గుర్తు ఉందో లేదో చూసుకోవాలి. గుర్తు లేని రెండు పిన్నుల లోహపు వస్తువును కొనకపోవడమే మేలు. ప్రమాదం లేనంత తక్కువ వోల్టేజీతో నడిచేది మూడో తరగతి.

పరీక్షలు మొదలయ్యేది ఒక ఉత్తుత్తి వేలితో. కీళ్లతో వంగే ఈ పరీక్షా వేలును వస్తువుకున్న ప్రతి సందులోనూ, కన్నంలోనూ పెట్టి చూస్తారు. కరెంటు ఉన్న భాగం ఎక్కడ తగిలినా వస్తువు తప్పినట్టే. తర్వాత 93 శాతం తేమ ఉన్న గదిలో 48 గంటలు ఉంచుతారు. విశాఖ, కాకినాడల్లో వానాకాలంలో వంటింటి గోడలు చెమ్మగిల్లడం చూసినవారికి ఈ పరీక్ష ఎందుకో వేరే చెప్పనక్కరలేదు. తేమ పీల్చుకున్న వస్తువు ఇన్సులేషన్ మీద మామూలు వోల్టేజీకి ఎన్నో రెట్ల వోల్టేజీని నిమిషంపాటు పెడతారు. చేత్తో ఎత్తి వాడే ఒకటో తరగతి వస్తువు నుంచి లీకయ్యే కరెంటు 0.75 మిల్లీ ఆంపియర్లు దాటకూడదు.

ఎర్త్ పరీక్ష చెప్పడానికి చిన్నది, ప్రాణం నిలిపేది మాత్రం ఇదే. 12 వోల్టులు దాటని సరఫరా నుంచి కనీసం 25 ఆంపియర్ల కరెంటును ఎర్త్ టెర్మినల్‌కూ వస్తువు లోహపు ఒంటికీ మధ్య పంపి, ఆ దారిలోని నిరోధం లెక్కకడతారు. 0.1 ఓమ్ మించితే పనికిరాదు. ఇంత కచ్చితం ఎందుకంటే, లోపల ఫేజు వైరు ఊడి ఒంటికి తగిలిన క్షణంలో కరెంటు మనిషి గుండా కాకుండా ఎర్త్ గుండా పెద్దమొత్తంలో పారాలి. అప్పుడే ఫ్యూజు పోతుంది, లేదా ఎంసీబీ పడిపోతుంది. ఒంటికీ ఎర్త్‌కూ మధ్య స్క్రూ వదులైనా, పెయింటు మీదే వాషరు బిగించినా ఆ దారి సన్నబడుతుంది.

ఆ తర్వాత పెట్టేవి దురుపయోగం పరీక్షలు. థర్మోస్టాట్ పనిచేయనట్టు చేసి గీజరును నడుపుతారు, మిక్సీ మోటారును తిరగకుండా బిగించి కరెంటు ఇస్తారు. వస్తువు చెడిపోవచ్చు, మంట రాకూడదు, షాక్ కొట్టకూడదు. మనిషి పక్కన లేకుండా పనిచేసే వస్తువులో కరెంటు కనెక్షన్లను మోసే ప్లాస్టిక్‌కు 850 డిగ్రీల సెల్సియస్‌కు ఎర్రగా కాలిన తీగను 30 సెకన్లు ఆనించి, తీసిన 30 సెకన్లలో మంట ఆరిపోతుందో లేదో చూస్తారు. బజారులో చవకగా దొరికే వస్తువుకూ ముద్ర ఉన్నదానికీ మధ్య ధరలో తేడా ఎక్కువగా ఈ ప్లాస్టిక్‌లోనూ, లోపలి రాగి మందంలోనూ ఉంటుంది. అవి రెండూ పైకి కనిపించవు.

హీటర్ రాడ్

ఈ నియమాలన్నిటికీ గట్టి పరీక్ష పెట్టే వస్తువు బకెట్లో వేలాడదీసే హీటర్ రాడ్. గీజరు పెట్టుకోలేని అద్దె ఇళ్లలో, హాస్టళ్లలో చలికాలం వచ్చిందంటే ఇదే దిక్కు. లోహపు గొట్టం లోపల నైక్రోమ్ తీగచుట్ట, దాని చుట్టూ గట్టిగా దట్టించిన మెగ్నీషియం ఆక్సైడ్ పొడి. ఆ పొడి వేడిని బయటికి పంపుతుంది, కరెంటును ఆపుతుంది. గొట్టానికి సూదిమొనంత కన్నం పడితే నీరు పొడిలోకి దిగుతుంది, ఆ నీటిగుండా కరెంటు బకెట్లోకి వస్తుంది. బోరు నీళ్ల సున్నం పేరుకున్న రాడ్, నీళ్లు లేకుండా ఒకసారి కాలిన రాడ్ ఇలాగే పాడవుతాయి. ప్లాస్టిక్ బకెట్లో ఉన్నంతసేపు ఏమీ తెలియదు. స్విచ్చు కట్టేయకుండా నీళ్లు వేడెక్కాయా అని చెయ్యి పెట్టిన మనిషికి తెలుస్తుంది.

అందుకే దీన్ని మొదటి నుంచీ తప్పనిసరి జాబితాలో ఉంచారు. 2021 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఐఎస్ఐ మార్కు లేని గృహోపకరణాలు కొనవద్దని భద్రతా హెచ్చరిక జారీ చేసినప్పుడు ప్రత్యేకంగా పేర్కొన్నవాటిలో హీటర్ రాడ్ ఒకటి. అయినా సంతల్లోనూ, బస్టాండు పక్క బండ్ల మీదా ముద్ర లేని రాడ్లు దొరుకుతూనే ఉంటాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. 1,500 వాట్ల రాడ్ 230 వోల్టుల వద్ద దాదాపు 6.5 ఆంపియర్లు తీసుకుంటుంది. మంచం పక్కన ఫోను ఛార్జరు పెట్టే చిన్న సాకెట్ 6 ఆంపియర్లకే చేసినది. ముద్ర ఉన్న రాడ్‌ను ముద్ర ఉన్న సాకెట్‌లోనే పెట్టినా, ఈ జోడీ తప్పే. గీజరుకు వేసే 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గులోనే దాన్ని వాడాలి.

ముద్ర చదవడం

హైదరాబాద్ ట్రూప్ బజార్‌లో ఏదైనా ఇస్త్రీపెట్టె తిరగేసి చూస్తే ముద్రకు మూడు భాగాలు కనిపిస్తాయి. పైన ప్రమాణం సంఖ్య, మధ్యలో ఐఎస్ఐ చిహ్నం, కింద సీఎం/ఎల్ అక్షరాలతో మొదలయ్యే లైసెన్సు నంబరు. ఈ నంబరే అసలు సంగతి. 2020లో వచ్చిన బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే తయారీదారు పేరు, ఫ్యాక్టరీ చిరునామా, ఏ వస్తువుకు లైసెన్సు, అది ఇప్పుడు చెల్లుతోందా లేదా అన్నవి వస్తాయి. గీజరు మీది నంబరు కొడితే ప్లాస్టిక్ పైపుల కంపెనీ పేరు వచ్చిందంటే ఇక అడగాల్సింది ఏమీ లేదు. నంబరు లేకుండా చిహ్నం ఒక్కటే అచ్చేసినది ముద్ర కాదు. ‘ఐఎస్ఐ టైపు’, ‘ఐఎస్ఐ ప్యాటర్న్’ అన్న రాతలకు చట్టంలో చోటే లేదు. ముద్రను పోలిన గుర్తు వాడటం కూడా నేరమే.

ముద్రతో కలగాపులగం అయ్యేవి మరో రెండున్నాయి. ఫోను ఛార్జర్లు, పవర్ బ్యాంకులు, టీవీలు, మైక్రోవేవ్ ఓవెన్ల వంటి ఎలక్ట్రానిక్ వస్తువులకు 2012 ఉత్తర్వుతో వచ్చిన తప్పనిసరి నమోదు పథకం వేరు. అక్కడ గుర్తింపు ఉన్న పరీక్షాశాల నివేదిక ఆధారంగా ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నంబరు ఇస్తారు. నమోదుకు ముందు ఫ్యాక్టరీ తనిఖీ ఉండదు. ఇక ఫ్రిజ్జు, ఏసీల మీద కనిపించే నక్షత్రాలు ఇంధన సామర్థ్య సంస్థవి. కరెంటు ఎంత ఆదా అవుతుందో అవి చెబుతాయి, షాక్ కొడుతుందో లేదో చెప్పవు. అయిదు నక్షత్రాలు చూసి భద్రత కూడా అయిదు నక్షత్రాలదే అనుకునేవారు తక్కువేమీ లేరు, అమ్మేవారిలోనూ ఉన్నారు.

లైసెన్సు దారి

తయారీదారు ఫ్యాక్టరీలోనే పరీక్షా పరికరాలు, వాటిని వాడగలిగిన సిబ్బంది ఉండాలి. బీఐఎస్ అధికారి వచ్చి తనిఖీ చేసి, నమూనాలకు సీలు వేసి పరీక్షాశాలకు పంపుతారు. నమూనా నెగ్గితే లైసెన్సు వస్తుంది. ఆ తర్వాత తయారీదారు ప్రతి దశలోనూ ఏ పరీక్ష ఎన్నిసార్లు చేయాలో ముందే రాసిపెట్టిన పట్టిక ప్రకారం చేస్తూ, లెక్కలు ఉంచాలి. అధికారులు మధ్యమధ్య ఫ్యాక్టరీకీ వస్తారు, దుకాణాల్లో కొన్న నమూనాలనూ పరీక్షకు పంపుతారు. విదేశీ ఫ్యాక్టరీలకూ ఇదే దారి. అధికారి అక్కడికే వెళ్లి చూడాలి, భారతదేశంలో బాధ్యత వహించే ప్రతినిధిని కంపెనీ నియమించాలి.

ఈ పద్ధతి పెద్ద కంపెనీలకు పనికొచ్చినంతగా చిన్నవాటికి పనికిరాదన్న విమర్శ ఉంది. మోటారు ఒకచోట, బాడీ మరోచోట కొని బిగించి అమ్మే చిన్న యూనిట్‌కు సొంత పరీక్షాశాల పెట్టడం పెద్ద ఖర్చు. అందుకే ఉత్తర్వుల్లో సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు అదనపు గడువులు ఇస్తారు. ఇవ్వవలసిందే. కానీ వినియోగదారుడి కోణంలో చూస్తే షాక్ కొట్టే వస్తువు చిన్న ఫ్యాక్టరీదైతే తక్కువ కొట్టదు. గడువులకు బదులు ఉమ్మడి పరీక్షాశాలలు పెంచడమే సరైన పరిష్కారం.

సరిహద్దులు దాటితే

ఐరోపా సీఈ గుర్తు చాలామటుకు తయారీదారు తనకు తాను చేసుకునే ప్రకటన. 50 నుంచి 1,000 వోల్టుల వరకు ఏసీ వస్తువులకు తక్కువ వోల్టేజీ ఆదేశం వర్తిస్తుంది. చైనాది 2002లో మొదలైన సీసీసీ. అమెరికాలో ఇంటి వస్తువులకు ముద్ర తప్పనిసరి అనే కేంద్ర చట్టమే లేదు. స్థానిక వైరింగు నియమాలు, బీమా కంపెనీలు, దుకాణాలు యూఎల్ వంటి ముద్ర అడుగుతాయి కనుక దాదాపు అన్నిటికీ ఉంటుంది.

అమెరికా వెళ్లే పిల్లల పెట్టెల్లో మిక్సీ సర్దే తెలుగు ఇళ్లకు దీనితో నేరుగా పని ఉంది. ఇక్కడి మిక్సీ 230 వోల్టులు, 50 హెర్ట్జ్‌లకు చేసినది; అక్కడి సాకెట్లో 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌లు వస్తాయి. పిన్ను ఆకారం మార్చే అడాప్టరు వోల్టేజీని మార్చదు. బ్రిటన్‌లో, గల్ఫ్‌లో చాలాచోట్ల వోల్టేజీ సరిపోతుంది గానీ, సాకెట్ చదరపు పిన్నులది, ప్లగ్గులోనే ఫ్యూజు ఉంటుంది. మన గుండ్రటి పిన్నులను అందులో పట్టించే చవక అడాప్టర్లలో ఎర్త్ తెగిపోయేవి ఉంటాయి. అలాంటి దాంట్లో పెట్టిన ఇస్త్రీపెట్టె ఒకటో తరగతి వస్తువుగా మిగలదు.

గోడ దగ్గర ఆగిపోయే చట్టం

మన మూడు పిన్నుల ప్లగ్గులో పైపిన్ను మిగతా రెండింటికంటే పొడవు, లావు. ప్లగ్గు పెట్టేటప్పుడు ఎర్త్ ముందు తగలాలని, తీసేటప్పుడు చివర ఊడాలని పొడవు. పొరపాటున ఫేజు కన్నంలోకి దూరకూడదని లావు. సాకెట్‌కు పట్టడం లేదని ఆ పిన్నును విరిచేయడం, లేదా రెండు వైర్లను నేరుగా కన్నాల్లో దూర్చి అగ్గిపుల్లలు గుచ్చడం పరీక్షాశాలలో జరిగిందంతా ఒక్క క్షణంలో రద్దు చేస్తాయి.

ఇంటి ఎర్తింగుకు ఐఎస్ 3043, వైరింగుకు ఐఎస్ 732 ఉన్నాయి. అయితే అవి వస్తువు ముద్రలా బజారులో కనిపించేవి కావు. కట్టేటప్పుడు ఎలక్ట్రీషియన్ పాటిస్తే పాటించినట్టు, లేకపోతే లేదు. చాలా పాత ఇళ్లలో సాకెట్‌కు మూడు కన్నాలు ఉంటాయి, పైదాని వెనక వైరు ఉండదు. లీకేజీని 30 మిల్లీ ఆంపియర్ల దగ్గరే పసిగట్టి కరెంటు ఆపే ఆర్‌సీసీబీ మెయిన్ బోర్డులో ఉంటే ఇలాంటి చోట చాలావరకు కాపాడుతుంది. ఎంసీబీ ఉంది కదా అని ఊరుకోవడం పొరపాటు. అది ఓవర్‌లోడ్, షార్ట్ సర్క్యూట్‌ల కోసం పెట్టింది. రిపేరు షాపులో కాయిలు మార్చిన ఇస్త్రీపెట్టెను కూడా ఎవరూ తిరిగి పరీక్షించరు. పాత ముద్ర మాత్రం దాని మీద అలాగే ఉంటుంది.

శిక్షలు, ఫిర్యాదులు

2016 చట్టం 29వ సెక్షన్ ప్రకారం తప్పనిసరి ముద్ర లేకుండా అమ్మితే రెండేళ్ల వరకు జైలు, లేదా మొదటిసారి కనీసం 2 లక్షలు, తర్వాత కనీసం 5 లక్షల రూపాయల జరిమానా. వస్తువుల విలువకు పది రెట్ల వరకు పెంచవచ్చు. 2025 మార్చిలో ఢిల్లీలో ఒక పెద్ద ఈ-కామర్స్ సంస్థ గిడ్డంగిని బీఐఎస్ సోదా చేసి, ముద్ర లేని, నకిలీ ముద్ర ఉన్న 3,500కు పైగా విద్యుత్ వస్తువులను స్వాధీనం చేసుకుంది. వాటిలో గీజర్లూ మిక్సీలూ ఉన్నాయి. వెబ్‌సైట్‌లో బొమ్మ చూసి కొనేటప్పుడు వెనకవైపు నంబరు కనిపించదు కనుక, పెట్టె విప్పగానే చూసుకోవడం ఒక్కటే దారి.

ముద్ర ఉండీ ప్రమాణానికి సరిపోని వస్తువు వల్ల నష్టపోయినవారికి పరిహారం ఇవ్వాల్సిన బాధ్యతను అదే చట్టం 31వ సెక్షన్ లైసెన్సుదారు మీద పెడుతుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం తయారీదారుతోపాటు అమ్మినవారినీ, సర్వీసు చేసినవారినీ బాధ్యులను చేసే వీలు కల్పించింది. ఫిర్యాదు బీఐఎస్ కేర్ యాప్‌లో గానీ, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు గానీ చేయవచ్చు. ముద్ర ఫోటో, బిల్లు ఉంటే ఫిర్యాదు బలంగా నిలుస్తుంది. హీటర్ రాడ్ లాంటి చిన్న వస్తువుకైనా బిల్లు అడిగి తీసుకోండి. దాని మీద లైసెన్సు నంబరు కూడా రాయించుకుంటే ఇంకా మంచిది.